కొలత మనిషి

ఎర్రలైటు వెలగలేదు.

నీలిమ పేకాట హాల్లో ఒక బల్ల చుట్టూ నిలబడ్డవాళ్ళందరూ లైటు వంకే చూస్తున్నారు. కుర్చీలో తాతారావు కూర్చుని ఉన్నాడు. ఎడంచేతిలో పదమూడు ముక్కలు విసనకర్రలా విప్పి పట్టుకున్నాడు. ఆ చేతి మణికట్టు బల్ల అంచుకి బిగించిన గాజుపలక మీద ఆని ఉంది. అప్పటికే వరసగా ఆటలు ఓడిపోయాడు. ఈపాటికి పలక పక్కనున్న బుల్లి లైటు ఎర్రబడాలి. ఎప్పుడొచ్చినా ఎర్రబడేది. ఇవాళ మాత్రం పచ్చగా వెలుగుతానే ఉంది.

"ఇంకోసారి పంచండి" అంది వైదేహి.

వైదేహి ఆటల నియంత్రణ మండలిలో ఇన్‌స్పెక్టరు. పాలరేవులో ఏ పేకాట హాలుకి లైసెన్సు ఉండాలన్నా, పోవాలన్నా ఆవిడ మాటే. హాళ్ళలో మంచినీళ్ళు కూడా తాగదు. ఇంటి దగ్గర్నించి సీసా తెచ్చుకుంటుంది.

మళ్ళీ పంచారు. తాతారావుకి పనికిమాలిన ముక్కలు పడ్డాయి. జోకరు లేదు, కలిసే ముక్క ఒకటీ లేదు. అతను వాటిని సర్దుకుంటా చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి వైదేహి మొహం మారిపోయింది. ఆ కుర్చీలో కూర్చుని అతను నవ్వటం ఆవిడ ఎన్నడూ చూళ్ళేదు.

ఆ ఆటా ఓడాడు. లైటు పచ్చగానే ఉంది.

"మీ పలక పనిచెయ్యట్లేదు. హాలుకి సీలు వేస్తున్నాను" అంది వైదేహి.

హాలు మేనేజరు భాస్కర్ కంగారు పడలేదు. చేతులు కట్టుకుని మర్యాదగానే చెప్పాడు. "మేడమ్, ఈ పలకే నిన్న ఇద్దర్ని ఇంటికి పంపిందండి. పలక బాగానే ఉంది. మీ మనిషే చెడిపోయాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తాతారావు ముక్కలు బోర్లా పెట్టి, మణికట్టు ఎత్తి, అది తన చెయ్యేనా అన్నట్టు చూసుకున్నాడు.

పాలరేవు సంగతి తెలియని వాళ్ళకి ఇదంతా అర్థం కాదు. కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి.

పాలరేవు ఒకప్పుడు చేపల రేవు. సముద్రం వేడెక్కిపోయి, చేపలు చల్లటి నీళ్ళు వెతుక్కుంటా దూరం పోయాయి. పడవలు ఒడ్డునే ఎండిపోయాయి. ఐసు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అప్పుడు ప్రభుత్వం ఆ ఫ్యాక్టరీల్లో పేకాట హాళ్ళు పెట్టుకోండని లైసెన్సులిచ్చింది. గోడలు మందం కదా, లోపల చల్లగా ఉంటుంది. చేపల్ని పెట్టిన చోట ఇప్పుడు మనుషుల్ని పెడుతున్నారు, మనం కూడా పాడవకుండా ఉంటాం లే అని ఊళ్ళోవాళ్ళు అనుకునేవాళ్ళు.

లైసెన్సిచ్చి వదిలేస్తే ఊరు మొత్తం ఆ హాళ్ళలోనే ఉండిపోద్ది. అందుకని ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. ప్రతి కుర్చీ ముందూ ఒక పలక ఉండాలి. ఆ పలక చూసుకోటానికే మండలి పుట్టింది.

పలకని కనిపెట్టింది డాక్టర్ రవూఫ్. కర్నూలాయన. చాలా నెమ్మదిగా మాట్లాడతాడు. పలక గురించి ఎవరడిగినా ఆయన చెప్పేది ఒకటే. సరదాకి ఆడేవాడికి ముక్క తిరగేసేటప్పుడు గుండె గబగబా కొట్టుకుంటుంది. గెలిచినా ఓడినా, ఆట అయిపోయాక నెమ్మదిస్తుంది. ఆట జబ్బైపోయినవాడికి అలా కాదు. ఓడితే నెమ్మదించదు. గెలిస్తే కూడా నెమ్మదించదు. మళ్ళీ పేక కలిపి పంచుతుంటేనే నెమ్మదిస్తుంది. వాడికి కావాల్సింది గెలుపు కాదు, ఇంకో ఆట. పలక మణికట్టులో నాడి చూస్తుంది, చెమట చూస్తుంది, కంటికి కనపడనంత చిన్న వణుకు చూస్తుంది. ఆ తేడా పట్టిందంటే ఎర్రలైటు. ఎర్రలైటు వెలిగిన కుర్చీకి ముక్కలు పంచకూడదు. ఆ మనిషి ఇంటికి పోవాలి. వైద్యానికి పోవాలి. నయమయ్యేదాకా ఏ హాలూ వాణ్ణి రానివ్వకూడదు.

హాళ్ళవాళ్ళకి ఆ లైటంటే గిట్టదు. ఎక్కువ ఆడేది ఆ ఎర్రలైటు మనిషే కదా. పలకని కొంచెం మొద్దు చేస్తే చాలు, అది ఎవర్నీ పట్టుకోదు. అందుకని పలకల్ని మండలి వచ్చి తనిఖీ చెయ్యాలి. మొదట్లో రవూఫ్ గారు ఒక రబ్బరు చెయ్యి తయారుచేశాడు. లోపల మోటారు, జబ్బు మనిషి నాడి ఎలా కొట్టుకుంటుందో అది అలాగే కొట్టుకునేది. ఇన్‌స్పెక్టర్లు ఆ చెయ్యి పలక మీద పెట్టేవాళ్ళు. ఎర్రలైటు వెలిగేది. సంతకం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. కొన్నాళ్ళకి తెలిసింది, హాళ్ళవాళ్ళు పలకలకి ఆ రబ్బరు చేతినే నేర్పించేశారు. రబ్బరు చెయ్యి పెడితే ఎరుపు, మనిషి చెయ్యి ఎవరిదైనా పచ్చ.

అప్పుడే మండలికి తూనికలు కొలతల వాళ్ళు గుర్తొచ్చారు. కొట్లో తక్కెడ సరిగ్గా ఉందో లేదో చూడాలంటే వాళ్ళు తమ పెట్టెలోంచి ఇత్తడి రాయి తీసి వేస్తారు. ఆ రాయి అరగకూడదు, తుప్పు పట్టకూడదు, దాన్ని వేరే పనికి వాడకూడదు. అలాంటి రాయి ఒకటి కావాలి, కానీ బతికున్న మనిషై ఉండాలి. మనిషి నాడి ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు, దొంగతనంగా పలకకి నేర్పటం కుదరదు.

అలా తాతారావు దొరికాడు.

తాతారావు బోటు ఇంజన్ల మెకానిక్కు. చేపలు పోయాక పనిలేక హాళ్ళలో కూర్చోటం మొదలుపెట్టాడు. తర్వాత లేవటం మర్చిపోయాడు. ఇంట్లో ఒక్కొక్కటే పోయాయి. ఆఖరికి భార్య నూకరత్నం కుట్టుమిషను కూడా పోయింది. ప్రతిసారీ తలొంచుకుని ఇంటికొచ్చి ఒకటే మాట అనేవాడు. "వచ్చేసారి, రత్నం." ఆ మాట వినీ వినీ నూకరత్నం, ఎవరైనా కూరగాయలవాడు మామూలుగా వచ్చేసారి అన్నా బేరం మానేసి లోపలికి వెళ్ళిపోయేది.

పలకలు కొత్తగా పెట్టిన రోజు తాతారావు కుర్చీలో కూర్చున్నాడు. ఇంకా ముక్క పడలేదు. పంచేవాడు పేక కట్ట విప్పిన చప్పుడు అయింది, అంతే, ఎర్రలైటు వెలిగింది. చాలామందికి ఒకరోజు ఎర్రబడితే ఇంకోరోజు పచ్చబడేది. తాతారావుకి అలా ఎప్పుడూ కాలేదు. ఇంత నికరమైన మనిషి ఇంకొకడు లేడని రవూఫ్ గారే రాసిచ్చాడు. మండలి అతనికి ఉద్యోగమిచ్చింది. ఉండటానికి క్వార్టరు ఇచ్చింది. బుధవారం బుధవారం జీపు వస్తుంది, హాళ్ళకి తీసుకెళ్ళి డబ్బుకి బదులు మండలి ఇచ్చిన బిళ్ళలతో ఆడిస్తారు. షరతులు రెండు. బయట హాళ్ళలో పందెం పెట్టి ఆడకూడదు. ఇంకోటి, జబ్బుకి వైద్యం చేయించుకోకూడదు.

ఆ రెండోది చదివి చెప్పినప్పుడు నూకరత్నం రవూఫ్ గారి మొహంలోకి చూసి అడిగింది.

"అంటే జబ్బునే ఉద్యోగం చేశారా సార్?"

రవూఫ్ గారు ఈ ఒక్కరి వల్ల ఊళ్ళో ఎంతమంది ఇళ్ళు నిలబడతాయో చెప్పబోయి, ఆవిడ చేతిలో ఉన్న ఖాళీ సంచి చూసి మానేశాడు.

ఉద్యోగం మంచిదే. ఇంట్లో పొయ్యి వెలిగింది. కానీ బుధవారం వస్తే తాతారావు మనిషిలా ఉండేవాడు కాదు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం వాసన చూపించి లేపేసినట్టు, హాళ్ళలో కాసేపు ఆడించి ఇంటిదగ్గర దింపేవాళ్ళు. వచ్చి గుమ్మంలోకి, పెరట్లోకి తిరిగేవాడు. చొక్కా వేసుకుని మళ్ళీ విప్పేవాడు. చేతులు ఏదో సర్దుతున్నట్టు కదిలేవి. ఏదో ఒకరోజు ఆ చొక్కా విప్పకుండా వెళ్ళిపోతాడని నూకరత్నానికి తెలుసు.

ఒక బుధవారం సాయంత్రం ఆవిడ వంట ముగించి, చాప పరిచి, కొంగులోంచి కొత్త పేక తీసి మధ్యలో పెట్టింది.

"నాకు నేర్పు మావా" అంది.

తాతారావు భయపడ్డాడు. రూలు ఒప్పుకోదన్నాడు. అప్పటికే వైదేహి మేడమ్‌ని అడిగొచ్చానంది. హాల్లో ఆడకూడదు, పందెం పెట్టకూడదు అనుంది, ఇంట్లో ఊరికే ఆడకూడదని ఎక్కడా లేదంట. పందెం ఏదీ లేదు. చింతపిక్క కూడా లేదు. ఉత్తుత్తి ఆట.

మొదట్లో తాతారావుకి నవ్వొచ్చేది. నూకరత్నం రాణుల్ని పారేసేది కాదు. ఇస్పేటు రాణి, ఆఠీను రాణి, పనికి రాకపోయినా పొదివి పట్టుకునేది. పారెయ్యవే అంటే, ఆడమనిషి కదా మావా, ఎక్కడికి పోద్ది అనేది. జోకరు వస్తే దాచుకోటం రాదు, మొహమంతా వెలిగిపోయేది. అతను కావాలని ఓడిపోతే పట్టేసి పేక విసిరికొట్టేది. ఇంకొక్కటి మావా, ఇంకొక్కటి అని పడుకోనిచ్చేది కాదు. రోజూ ఆడారు. వానాకాలం పోయి చలికాలం వచ్చింది. తాతారావుకి తెలియకుండానే ఏదో సద్దుమణిగింది. బుధవారం ఇంటికొచ్చి చొక్కా విప్పితే మళ్ళీ వేసుకోవట్లేదు. ముక్కలంటే ముక్కల్లాగే కనిపించాయి.

ఆ చలికాలం అయిపోతుండగానే నీలిమ హాల్లో ఎర్రలైటు వెలగలేదు.

వైదేహి అతన్ని తిన్నగా రవూఫ్ గారి ల్యాబుకి తీసుకొచ్చింది. అక్కడ తల్లిపలక ఉంటుంది. ఊళ్ళో ఉన్న పలకలన్నీ దాన్ని చూసి తయారుచేసినవే. దాన్ని ఎవరూ మొద్దు చెయ్యలేరు. ఎదురెదురుగా రెండు కుర్చీలు, రెండు పక్కలా రెండు లైట్లు. తాతారావు చెయ్యి పెట్టాడు. రవూఫ్ గారే పేక విప్పి పంచాడు. చాలాసేపు ఆడారు. పచ్చ.

రవూఫ్ గారు ముక్కలు కింద పెట్టి తాతారావు చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"మీకు నయమైందండి."

తాతారావు మొహం తెల్లబోయింది. ఎవరో తిట్టినట్టు చూశాడు. "ఉద్యోగం పోయినట్టేనా సార్?" అన్నాడు.

వైదేహి పక్కకెళ్ళి ఫోన్లో మాట్లాడి వచ్చింది. జరగాల్సింది అప్పుడే జరిగిపోయింది. భాస్కర్ ఊళ్ళో హాళ్ళవాళ్ళందరికీ చెప్పేశాడు. కొలత మనిషి చెడిపోయాడు కాబట్టి అతని చేత తనిఖీ చేయించిన ఏ పలక మీదా నమ్మకం లేదు, నమ్మకం లేని పలకతో మనుషుల్ని బయటికి పంపటం అన్యాయం అని వాళ్ళు పైకి చెప్పుకున్నారు. పైవాళ్ళు ఒప్పుకున్నారు. రేపట్నించి పలకలు ఆపేసి హాళ్ళు నడుపుకోవచ్చు. కొత్త కొలత మనిషి దొరికేదాకా.

"దొరకటానికి ఎంత కాలం పడుతుందండి?" అనడిగింది వైదేహి.

"తాతారావు గారు దొరకటమే అదృష్టం" అన్నాడు రవూఫ్ గారు. ఆ మాట అన్నాక ఆయనకే సిగ్గేసినట్టుంది, తల తిప్పుకున్నాడు.

అంతలో నూకరత్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. జీపు ఇంటికి రాలేదని వెతుక్కుంటా వచ్చింది. నయమైందని రవూఫ్ గారు చెప్పాడు. ఆవిడ క్యారేజీ కింద పెట్టి, గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత నవ్వింది. రేపట్నించి హాళ్ళలో లైట్లు ఆర్పేస్తారని, ఉద్యోగం పోయిందని తాతారావు గొణిగితే, పోతే పోయిందిలే మావా, ఇంజన్లు బాగుచేసుకో అంది.

ఏం మందు వాడారమ్మా అని అడిగాడు రవూఫ్ గారు. మందేం లేదండి, కూర్చుని ఆడుకున్నాం అంతే అంది. ఎలా ఆడారో ఒకసారి చూపించమన్నాడు ఆయన. అది తెలిస్తే ఇంకెంతమందికో పనికొస్తుందని ఆయన ఆశ. ఇద్దర్నీ తల్లిపలక ముందు ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. నూకరత్నం చీర సర్దుకుని, గాజులు పైకి జరుపుకుని, అందరూ పెట్టినట్టే మణికట్టు పలక మీద పెట్టింది. సిగ్గుపడి నవ్వుతోంది.

తాతారావు పేక కలిపాడు.

నూకరత్నం వైపు లైటు ఎర్రగా వెలిగింది.

"సార్, వైర్లు తారుమారైనట్టున్నాయి" అన్నాడు తాతారావు. రవూఫ్ గారు వంగి వైర్లు చూశాడు. బాగానే ఉన్నాయి. కుర్చీలు మారమన్నాడు. మారారు. ఎర్రలైటు కూడా నూకరత్నంతో పాటు అటువైపుకి వెళ్ళింది. ఒక ఆట ఆడారు. నూకరత్నం గెలిచింది. ఎరుపు తగ్గలేదు. తాతారావు మళ్ళీ కలపటం మొదలుపెట్టాక కొంచెం తగ్గి, ముక్క పడగానే మళ్ళీ మండింది.

"అమ్మా, మీరు ఇంట్లో పందెం పెట్టి ఆడారా?" అన్నాడు రవూఫ్ గారు.

"లేదు సార్" అన్నాడు తాతారావు. "చింతపిక్క కూడా లేదు."

నూకరత్నం లైటు వంక చూస్తోంది. తప్పు చేసిన చిన్నపిల్లలా అయిపోయింది.

"ఆయన ఊరికే ఆడాడండి" అంది మెల్లగా. "నేనే ఎప్పుడూ ఊరికే ఆడలేదు. పేక కలిపినప్పుడల్లా మనసులో అనుకునేదాన్ని. ఈ ఆట నాదైతే రేపు ఈయన తిన్నగా ఇంటికొస్తాడు. ఈ ఆట నాదైతే ఈయన ఆ చొక్కా వేసుకోడు. ఓడిపోతే ప్రాణం పోయినట్టుండేది. ఇంకోటి వెయ్యమనేదాన్ని, గెలిచేదాకా. గెలిస్తే, అది ఒక్కరోజుకే కదా అనిపించేది. మళ్ళీ వెయ్యమనేదాన్ని."

తాతారావుకి ఆ సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. ఇంకొక్కటి మావా, ఇంకొక్కటి. తనతో సరదాగా ఉందనుకున్నాడు. అతనికి ఆ చాప మీద పెట్టటానికి ఏమీ లేదు, అందుకే బాగుపడ్డాడు. ఆవిడ ప్రతి ఆటకీ అతన్నే తీసి చాప మీద పెట్టింది.

వైదేహికి ఒక ఆలోచన వచ్చింది. కానీ ఆవిడ అది నోటితో అడిగే మనిషి కాదు. సీసా మూత తీసి, తాగకుండా మళ్ళీ పెట్టేసి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

రవూఫ్ గారు నూకరత్నం ముందు నేల మీద కూర్చున్నాడు. ఇది కొత్తగా వచ్చిన జబ్బు, పాతుకుపోలేదు, రేపే వైద్యం మొదలుపెడితే త్వరగా తగ్గిపోతుంది, తనే దగ్గరుండి చూస్తానన్నాడు.

"రేపట్నించి హాళ్ళలో లైట్లు ఆర్పేస్తారా అండి?" అనడిగింది నూకరత్నం. ఆ సంగతి తాతారావు గొణిగినప్పుడు విన్నది.

"అవునమ్మా."

"కొత్త మనిషి దొరికేదాకా."

"అవును."

నూకరత్నం ఎర్రలైటు మీద వేలు పెట్టింది. వేలు గోరు కూడా ఎర్రగా అయింది.

"దొరికినట్టే కదండి మరి."

తాతారావు లేచి నిలబడ్డాడు. "వద్దే. ఆ కుర్చీ ఎలాంటిదో నీకు తెలీదు."

"నాకు తెలీదు మావా. కానీ ఆ కుర్చీలో కూచున్నోడి ఇంటి గుమ్మంలో కూచోటం ఎలా ఉంటదో నీకు తెలీదు. లైటు ఆర్పేస్తే ఊళ్ళో ఎన్ని గుమ్మాలో." ఆవిడ రవూఫ్ గారి వైపు తిరిగింది. "నాకు తగ్గించండి సార్. ఇంకో మనిషి దొరికాక."

తర్వాత మండలి మామూలుగా పనిచేసింది. తల్లిపలక మీద నూకరత్నం చేత వరసగా ఆడించి చూశారు. ఒక్కసారి కూడా తప్పలేదు. తాతారావుకంటే నికరం అని తేలింది. హాళ్ళ పలకలన్నీ ఆవిడ మణికట్టు ఆనించి మళ్ళీ సరిచూశారు. నీలిమ హాలు సీలు తీసేశారు, దాని పలక నిజంగానే బాగుంది. భాస్కర్ స్వయంగా మిఠాయి పంపాడు, వైదేహి వెనక్కి పంపేసింది. తాతారావు విషయంలో జరిగింది మళ్ళీ జరగకూడదని మండలి షరతుల్లో ఇంకొకటి కలిపింది. కొలత మనిషి ఇంట్లో కూడా, ఊరికే కూడా, పేక ముట్టుకోకూడదు. ఆ షరతు రాగానే వైదేహి కాగితం బల్ల మీద పెట్టేసింది. కానీ చదివింది.

ఇంకో మనిషిని వెతుకుతున్నామని మండలి చెప్పేది. మంచి కొలత చేతిలో ఉన్నాక ఎవరు మాత్రం గట్టిగా వెతుకుతారు.

తాతారావు రేవు దగ్గర మోటార్ల షెడ్డు పెట్టుకున్నాడు. పడవలు లేవు కానీ నీటి మోటార్లున్నాయి. బాగా చేస్తాడని పేరొచ్చింది. ఊళ్ళో అతన్ని చూసి, మారిన మనిషి అని మిగతావాళ్ళకి చూపించేవాళ్ళు. ఆ మాట అన్నప్పుడల్లా అతను స్పానరు వెతుక్కునేవాడు.

బుధవారం జీపు వస్తుంది. ఇంతకు ముందు అతను కూర్చున్న సీట్లో ఇప్పుడు నూకరత్నం కూర్చుంటుంది. సాయంత్రం వచ్చాక ఆవిడ గుమ్మంలోకి, పెరట్లోకి తిరుగుతుంది. బియ్యం ఏరుతుంటే వేళ్ళు బియ్యాన్ని జతలు జతలుగా సర్దుతాయి. అప్పుడు తాతారావు చాప పరిచి ఆవిడ చేతులు తన చేతుల్లో పెట్టుకుని కూర్చుంటాడు. ఆవిడకి ఏం కావాలో అతనికి తెలుసు. ఒక పేక, ఏ పందెమూ లేని ఒక ఆట, దాని తర్వాత ఇంకోటి. అదొక్కటే అతను ఇవ్వకూడదు. ఒకటి రెండుసార్లు షరతు లేకపోయినా తను ఇవ్వగలడా అని ఆలోచించాడు. ఎదురుగా కూర్చుంటే, ఈ ఆట నాదైతే రత్నానికి నయమైపోతుంది అని తను మనసులో అనుకోకుండా ఉండగలడా?

ఒకరోజు ఉండబట్టలేక రవూఫ్ గారి దగ్గరికి వెళ్ళి అడిగాడు. ఆవిడ ఇప్పుడు దేని మీద పందెం కడుతుంది సార్? నేను బాగానే ఉన్నాను కదా. ఇంక భయం ఏముంది?

రవూఫ్ గారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆయనకూ అదే అనుమానం వచ్చి ఆవిడనే అడిగాడంట. ఆవిడ దాచకుండా చెప్పిందంట. "పలక మీద చెయ్యి పెట్టేటప్పుడు పచ్చలైటు రావాలని కడుతున్నానండి. పచ్చ వస్తే నాకు నయమైనట్టు కదా."

"అలా కట్టినంత కాలం ఎర్రలైటే వస్తుంది తాతారావు గారూ" అన్నాడు రవూఫ్ గారు. "ఆ సంగతి ఆవిడకి చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెప్తే, కట్టకుండా ఉండగలనా లేదా అని దాని మీద కడుతుంది. అది కూడా పందెమే."

"మీ మిషను తప్పేం లేదు కదా సార్?"

"లేదండి. మిషను బాగానే ఉంది."

తర్వాతి బుధవారం తాతారావు షెడ్డు మూసి, క్యారేజీ పట్టుకుని నీలిమ హాలుకి వెళ్ళాడు. లోపలికి వెళ్ళలేదు. బయట పాత ఐసు గడ్డలు దింపే అరుగు ఉంది, దాని మీద కూర్చున్నాడు. అక్కడ ఇంకో మనిషి కూర్చుని ఉన్నాడు. ఎర్రలైటు వెలిగి బయటికి పంపేస్తే వచ్చినవాడు. వాడి పెళ్ళాం వచ్చి, ఏమీ అనకుండా, వాడి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. వెళ్తా వెళ్తా ఆ పిల్ల వెనక్కి తిరిగి హాలు తలుపుల వైపు చూసి దణ్ణం పెట్టుకుంది. లోపల ఎవరికి పెడుతోందో ఆ పిల్లకి తెలియదు.

హాలు కిటికీకి మసక అద్దం. దాని వెనక మనుషులు నీడల్లా కదులుతున్నారు. పేక కలిపిన చప్పుడు సన్నగా వినిపించింది. తాతారావు తన గుండె మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. అది మామూలుగా కొట్టుకుంటోంది. అద్దం మీద ఎర్రటి చుక్క వెలిగింది.

భాస్కర్ బయటికి వచ్చాడు, వక్కపొడి నోట్లో వేసుకుంటా. తనిఖీ పూర్తయింది, పలక బాగుందన్నారు. "మీ ఆవిడ బంగారం అన్నా. ఒక్కసారి కూడా తేడా రాదు" అన్నాడు. అతను మంచిగానే అన్నాడు.

వెనకాలే వైదేహి వచ్చింది. తాతారావుని చూసి ఒక్క క్షణం ఆగి, జీపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. తర్వాత నూకరత్నం వచ్చింది. మణికట్టు కొంగుతో తుడుచుకుంటోంది. మొహం పీక్కుపోయింది. తాతారావు కనపడగానే నవ్వు తెచ్చుకుని అరుగు మీద పక్కన కూర్చుంది. అతను క్యారేజీ విప్పి, పెరుగన్నం కలిపి, చేతికి ఇచ్చాడు. ముద్ద పట్టుకున్న ఆ చెయ్యి సన్నగా వణుకుతోంది. పలక లేకపోయినా కనపడేంత వణుకు.

"ఇవాళ కొంచెంలో తప్పిపోయింది మావా" అంది. "మొదట్లో పచ్చగానే ఉంది, నేను చూశాను. పేక కలపకపోతే అలాగే ఉండేది."

తాతారావు తల దించుకుని క్యారేజీ గిన్నెలు సర్దసాగాడు.

"నువ్వలా ఉండకు. నాకు తెలుస్తోంది, దగ్గరికొచ్చేసింది." ఆవిడ వాడిపోయిన మొహంలో కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు ఒకప్పుడు అతని కళ్ళూ అలాగే ఉండేవి. ఆవిడ అతని మోకాలి మీద చెయ్యి వేసి, ధైర్యం చెబుతున్నట్టు తట్టింది.

"వచ్చేసారి, మావా."